పర్లాకిమిడి నుంచి పంపిన మైనపు దిమ్మ: ఒక జన్యుపరీక్ష సేవపై సమీక్ష

గత ఏడాది మా వదినకు మెడలోని గడ్డను విశాఖపట్నంలో తీసివేసినప్పుడు అది పాపిలరీ రకం థైరాయిడ్ క్యాన్సరని తేలింది. అది అప్పటికే పక్కనున్న లింఫు గ్రంథులకు పాకినందున, తరువాతి చికిత్స ఎంత గట్టిగా ఉండాలో తేల్చుకోవడానికి కణితిలోని జన్యువులను పరీక్షింపజేయమని డాక్టరు గారు సూచించారు. బరంపురంలో ప్రతినిధి ఉన్న ఒక హైదరాబాదు ప్రయోగశాలను మేము ఎంచుకున్నాం. బిల్లు మా ఇంటి మూడు నెలల సరుకుల ఖర్చును మించింది.

నమూనా సేకరణలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆసుపత్రివారు ఇచ్చినది అగ్గిపెట్టెకన్నా చిన్నదైన ప్లాస్టిక్ పెట్టెలో పోసిన మైనపు దిమ్మ. అందులో గోధుమరంగు మరకలా కనిపించేదే కణితి ముక్క. పెట్టె అంచున అంకె పెన్సిలుతో రాసి ఉంది. సిరా అయితే ప్రయోగశాల ద్రావకాలలో కరిగిపోతుందట. ప్రతినిధి ఆ అంకెను ఆసుపత్రి నివేదికలోని అంకెతో రెండుసార్లు సరిచూసుకుని, అన్నయ్య చేత సంతకం పెట్టించుకుని గాని దిమ్మను తీసుకోలేదు. పన్నెండు రోజులన్న ఫలితం మాత్రం పందొమ్మిదో రోజున వచ్చింది.

నివేదిక మొదటి పుటలోనే ఎర్రటి అక్షరాలలో ‘బ్రాఫ్ వి600ఇ ఉన్నది’ అని అచ్చువేశారు. ఆ ఎరుపును చూసి ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగా అన్నం తినలేదు. నిజానికి పాపిలరీ క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ మార్పే కనిపిస్తుంది. బ్రాఫ్ అనే ప్రొటీనులో 600వ స్థానాన ఉండవలసిన వాలీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు గ్లుటామిక్ ఆమ్లం అనే మరొకటి చేరడమే ఆ మార్పు. మామూలుగా బయటి నుంచి పిలుపు వచ్చి, రాస్ అనే ప్రొటీను కదిపినప్పుడే బ్రాఫ్ మేల్కొని, మెక్, ఎర్క్ అనే ప్రొటీన్ల ద్వారా ‘విభజించు’ అన్న కబురును కణకేంద్రకానికి చేరవేస్తుంది. ఈ ఒక్క మార్పుతో, పొలంలో మోటారు స్టార్టరు మీట అతుక్కుపోయి నీళ్ళు ఆగకుండా పారినట్టు, పిలుపు లేకుండానే ఆ కబురు పోతూ ఉంటుంది. దానితో పాటు అయోడిన్‌ను కణంలోకి లాగే పంపులు కూడా తగ్గుతాయి. అందువల్ల రేడియోధార్మిక అయోడిన్‌ను మింగించి, దాన్ని పీల్చుకున్న కణితి కణాలను చంపే రేడియో అయోడిన్ చికిత్స కొందరిలో ఆశించినంతగా పనిచేయదు. మా డాక్టరు గారికి కావలసిన సమాచారం సరిగ్గా ఇదే.

ఎర్ర అక్షరాలకన్నా ముఖ్యమైన వాక్యం నాలుగో పుటలో చిన్న అక్షరాలలో ఉంది: టెర్ట్ జన్యువు ప్రమోటరులో (ఆ జన్యువును నడిపించే మీటలాంటి భాగంలో) మార్పు లేదు. 2013లో వెలుగులోకి వచ్చిన ఆ టెర్ట్ మార్పు ఉంటే, విభజన జరిగిన కొద్దీ క్రోమోజోముల కొసలు అరిగి కణం ఆగిపోవలసిన పరిమితి తొలగిపోతుంది. బ్రాఫ్, టెర్ట్ రెండూ ఒకే కణితిలో కలిసినప్పుడు రోగం తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. బ్రాఫ్ ఒక్కటే ఉంటే చాలామంది చికిత్సతో బాగానే ఉంటారు. భయపెట్టే మాటను ముందు, ఊరటనిచ్చే మాటను వెనక అచ్చువేసిన ఈ అమరికను ప్రయోగశాల మార్చుకోవాలి. నమూనాలో కణితి కణాల వాటా ఎంతో స్పష్టంగా రాసినందుకు మాత్రం మెచ్చుకోవాలి. ఆ వాటా మరీ తక్కువైతే ‘మార్పు లేదు’ అన్న ఫలితాన్ని నమ్మడానికి ఉండదు.

ఫలితాన్ని వివరిస్తామని ఫోను చేసినవారు, చిరునామాలో ఒడిశా ఉన్నందున, ఒడియా మాట్లాడే ఉద్యోగినికి కలిపారు. వదిన పుట్టిల్లు టెక్కలి. ఒడియా ఆమెకు బజారు బేరానికి మించి రాదు. తెలుగులో చెప్పమంటే ఆ వేళ ఎవరూ లేరన్నారు, అదీ హైదరాబాదు నుంచి. రాసే భాష జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరికి ఇలాంటి నివేదిక రావడం నాకు కాస్త నవ్వు కూడా తెప్పించింది.

వదిన అడిగినది ఒకటే: ‘ఇది నా ఆడపిల్లలకు వస్తుందా?’ అయిదు పుటలలో దానికి జవాబు లేదు. ప్రతినిధి అయితే పిల్లలిద్దరికీ రక్తపరీక్షల ‘కుటుంబ ప్యాకేజీ’ తీసుకోమని రెండుసార్లు ఫోను చేశాడు. ఇది నాకు అన్నిటికన్నా కష్టం కలిగించిన విషయం. బ్రాఫ్ మార్పు ఆ గ్రంథిలోని కణంలో జీవితకాలంలో పుట్టినది. తల్లి నుంచి బిడ్డకు పోయేది కాదు. పుట్టుకతో వచ్చే రెట్ జన్యువు మార్పు సంగతి వేరు: అది మెడుల్లరీ అనే మరొక రకం థైరాయిడ్ క్యాన్సరుకు దారితీస్తుంది, ఆ కుటుంబాలలో పిల్లల రక్తాన్ని పరీక్షించడం అవసరం, కొందరికి క్యాన్సరు రాకముందే చిన్నతనంలో గ్రంథిని తీసివేస్తారు కూడా. రెట్‌కు ఆ వ్యాధితో ఉన్న సంబంధం 1993 నుంచి తెలిసినదే. ఈ రెంటినీ కలగలిపి అమ్మడం అమాయకత్వమో ఆశో నేను చెప్పలేను. మా డాక్టరు గారు నివేదిక చూసి, పిల్లలకు రక్తపరీక్ష అక్కరలేదనీ, ఎప్పుడైనా మెడలో గడ్డ కనిపిస్తే వెంటనే చూపించమనీ చెప్పారు. ప్యాకేజీ తీసుకోలేదు.

పరీక్ష నాణ్యతకు నాలుగు, వివరణకు ఒకటి, మొత్తం మీద అయిదుకు మూడు ఇస్తున్నాను. డబ్బు కట్టే ముందే తెలుగులో వివరించేవారు ఉన్నారా అని, దిమ్మను ఎన్నాళ్ళకు తిరిగి ఇస్తారని అడగండి. మాకు దిమ్మ నెలన్నరకు, అదీ మూడోసారి ఫోను చేశాక వచ్చింది. అన్నయ్య దానిని విశాఖ ఆసుపత్రికి అప్పగించి రసీదును వదిన ఫైలులో పెట్టాడు.