అమ్మానాన్నల లండన్ ప్రయాణానికి ఏది మేలు? ఎయిర్ ఇండియా ఏ350, 787, 777

గన్నవరంలో ఎక్కి ఢిల్లీలో దిగాలి, అక్కడి నుంచి లండన్. అమ్మానాన్నలను అక్క దగ్గరికి పంపాలని టికెట్లు చూడటం మొదలుపెట్టినప్పుడు నేనూ ముందు రేటే చూశాను. తర్వాత సీట్ మ్యాప్, అంటే సీట్ల అమరిక చూపే బొమ్మ, తెరిచాను. అప్పుడు అర్థమైంది, ఒకే కంపెనీ టికెట్టయినా ఏ విమానం వస్తుందన్నదాన్ని బట్టి ప్రయాణం మారిపోతుందని. డెబ్బై దాటిన మోకాళ్లకు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి వచ్చింది. అప్పటి నుంచి అక్కడ రెండు పనులు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకటి, కొత్త విమానాలు కొనడం: 2023 ఫిబ్రవరిలో ఒక్కసారే 470 విమానాలకు ఆర్డర్ ఇచ్చారు. రెండోది, పాత బోయింగ్ 787-8లు, 777లలో కేబిన్, అంటే లోపలి సీట్లూ స్క్రీన్లూ, మార్చడం: దానికి 40 కోట్ల డాలర్లు కేటాయించారు. రెండోది పేపర్ మీద కనిపించినంత సులువు కాదు. విమానాల్లో బిగించే సీట్లకు ప్రపంచమంతా కొరత ఉంది. పైగా ఒక్కో విమానాన్ని వారాల తరబడి ఆపేయాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు ఆపేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి, పాకిస్తాన్ గగనతలం మూసివేత ఇంకొకటి.

నా మట్టుకు అసలు ప్రశ్న, కేబిన్ మార్పుతో ఏది బాగుపడుతుంది, ఏది పడదు అని. ఇంటికి రంగులు వేయించొచ్చు, పరుపులు మార్చొచ్చు, గోడలు జరపలేం కదా. విమానం కూడా అంతే. సీటు, స్క్రీన్, కార్పెట్ కొత్తవి వస్తాయి. లోపలి గాలి పీడనం, గది వెడల్పు మాత్రం విమానం పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ఎయిర్‌బస్ ఏ350, బోయింగ్ 787 రెండింటి బాడీలో కాంపోజిట్ పదార్థం, అంటే కార్బన్ నారను జిగురుతో కలిపి చేసినది, ఎక్కువ. అందుకే పైన ఎగురుతున్నప్పుడు కూడా లోపల సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా గాలి ఉంచగలరు. లోహపు బాడీ ఉన్న 777లో అది 8,000 అడుగుల దాకా పోవచ్చు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది కదా. కాంపోజిట్ విమానాల్లో గాలి కూడా మరీ పొడిగా ఉండదు. గొంతు ఆరిపోవడం, దిగేసరికి తల దిమ్ముగా ఉండటం తగ్గేది వీటివల్లే. కాబట్టి కేబిన్ మార్చిన 787, మార్చిన 777 పక్కపక్కన ఉంటే పెద్దవాళ్లకు నేను 787నే చూస్తాను.

ఇక సీటు వెడల్పు. ఎకానమీలో ఏ350, 787 రెండింటిలోనూ వరసకు 3-3-3, అంటే రెండు నడవాల మధ్యా అటూ ఇటూ మూడేసి సీట్లు. ఏ350 కేబిన్ వెడల్పు 5.61 మీటర్లు, 787ది 5.49. తేడా 12 సెంటీమీటర్లు. తొమ్మిది మందికి పంచితే మనిషికి అర అంగుళం. ఏ350లో తొమ్మిది సీట్ల వరసకు ఎయిర్‌బస్ చెప్పే కొలత 18 అంగుళాలు, అంటే మన పూలమ్మే ఆవిడ కొలిచే మూర. 787లో మూరకు కాస్త తక్కువ. పక్కన ముక్కూమొహం తెలియని మనిషి భుజం ఆనుకుని గంటల తరబడి కూర్చున్నప్పుడు ఆ అర అంగుళం విలువ తెలుస్తుంది.

కాళ్ల చోటు నేనే కొలిచి చూశాను. ఏ350 ఎకానమీలో ముందు సీటు వీపు నుంచి మన సీటు వీపు దాకా దూరం 31 అంగుళాలు. ఇంట్లో భోజనాల బల్ల కుర్చీలు రెండు ఒకదాని వెనక ఒకటి పెట్టి, కుట్టుమిషన్ దగ్గరి టేపుతో 31 కొలిచి నాన్నను కూర్చోబెట్టాను. మోకాలికీ ముందు కుర్చీకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి. కుర్చీని 38కి జరిపాను. అది ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య తరగతి అయిన ప్రీమియం ఎకానమీ కొలత. ఆయన కాలు మీద కాలు వేసుకుని, "ఇదిరా" అన్నారు.

ఏ350లో మొత్తం 316 సీట్లు: బిజినెస్ 28, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 264. ప్రీమియం ఎకానమీలో వరస 2-4-2. భార్యాభర్తలిద్దరికీ కిటికీ పక్కన రెండు సీట్లు వస్తే మూడో మనిషి ఉండడు. రాత్రి రెండుసార్లు బాత్‌రూమ్‌కి లేవాల్సినవాళ్లకు నిద్రపోతున్నవారిని తట్టి లేపే ఇబ్బంది తప్పుతుంది. నాకైతే స్క్రీన్ సైజు కంటే ఇదే పెద్ద సౌకర్యం.

టాటాల ఇంకో విమాన కంపెనీ విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో విలీనమయ్యాక వచ్చిన 787-9లను తక్కువ అంచనా వేయొద్దు. బిజినెస్ 1-2-1, ప్రీమియం ఎకానమీ 21 సీట్లు. ఏ350 దొరక్కపోతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 2012 నుంచి వచ్చిన 787-8లు పాత కేబిన్‌తో ఉన్నంతకాలం నా లిస్టులో వెనకే. వాటి బిజినెస్ క్లాస్ 2-2-2, ప్రీమియం ఎకానమీ లేనే లేదు. పాత 777-300ఈఆర్ బిజినెస్ 2-3-2, అంటే అంత డబ్బు పెట్టినా మధ్య సీటు రావచ్చు.

అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న జరిగిన ప్రమాదం తర్వాత 787-8 పేరు వింటేనే చాలామందికి టెన్షన్. మా అమ్మకూ అంతే. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ సీటు కొత్తదా పాతదా అన్నదానికీ, విమానం భద్రతకూ సంబంధం లేదు. ఈ పోలిక సౌకర్యం వరకే.

నేను చేసింది ఇది: పోవడానికి, రావడానికి ఏ350, ప్రీమియం ఎకానమీ. బడ్జెట్ బిగుతుగా ఉంటే పోయేటప్పుడు ఎకానమీ పెట్టి, వచ్చేటప్పుడు ప్రీమియం తీసుకోండి. మనవలతో నెలల తరబడి తిరిగి అలసిపోయేది అప్పుడే.

బుకింగ్‌లో విమానం పేరు రాసి ఉంటుంది: 350 (ఏ350), 789 (787-9), 788 (787-8), 77డబ్ల్యూ (777-300ఈఆర్). పేరు లేకపోతే సీట్ మ్యాప్‌లో ముందు వరసలు చూడండి. 2-2-2 ఉండి వెనక నేరుగా ఎకానమీ మొదలైతే అది పాత 787-8. విమానం చివరి నిమిషంలో మారిపోవచ్చు కాబట్టి, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆ మ్యాప్ మళ్లీ తెరవండి. మారి ఉంటే వెంటనే ఫోన్ చేసి, పెద్దవాళ్లిద్దరికీ పక్కపక్క సీట్లు, అందులో ఒకటి నడవా పక్కన ఉండేలా అడిగి పెట్టించండి.