సరస్సు మంచు మందం: లెక్కగట్టడమా, తొలిచి కొలవడమా?

గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేవారు మంచు మందాన్ని రెండు విధాలుగా తెలుసుకుంటారు: గాలి ఉష్ణోగ్రతలను బట్టి లెక్కగట్టడం ఒకటి, బరమాతో రంధ్రం తొలిచి కొలవడం మరొకటి.

మొదటిదానికి ఆధారం 1891లో భౌతిక శాస్త్రవేత్త యోజెఫ్ స్టెఫాన్ ప్రకటించిన సూత్రం. రోజువారీ సగటు ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్ కంటే ఎన్ని డిగ్రీలు తగ్గిందో కూడుకుంటూ పోయి, ఆ మొత్తపు వర్గమూలాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే మందం సెంటీమీటర్లలో వస్తుంది. హిమం పేరుకున్న సాధారణ సరస్సుకు గుణకం సుమారు 1.7 నుంచి 2.4 వరకు ఉంటుంది కనుక, మొత్తం 100 అయితే మందం 17 నుంచి 24 సెంటీమీటర్లు. ఇంత తేడా ఉన్న అంకెను నమ్మి అడుగు వేయకూడదు. పైగా అడుగున ఊరే ఊటలు, వాగు కలిసేచోటి ప్రవాహం ఈ లెక్కకు అందవు. ఇంకా వెళ్ళే సమయం కాలేదని చెప్పడానికే ఇది పనికివస్తుందని నా అభిప్రాయం.

తొలిచి కొలిచినప్పుడు మందంతో పాటు నాణ్యత కూడా కనిపిస్తుంది. నడిచే మనిషికి పారదర్శకమైన గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలని సాధారణ సూచన. తెల్లమంచు బలం అందులో దాదాపు సగమే కాబట్టి అక్కడ 20 కావాలి. ఒడ్డు నుంచి పలుగుతో ముందు చోటును పొడిచి చూసుకుంటూ, కొద్ది దూరానికోసారి తొలవాలి, ఎందుకంటే ఒక రంధ్రం ఆ చోటు సంగతే చెబుతుంది. శీతాకాలం చివర, నిలువు స్ఫటికాలుగా విడిపోతున్న మంచు విషయంలో మాత్రం ఈ కొలతా చాలదు. అది మందంగా ఉన్నా బరువు మోయకపోవచ్చు.