కళింగపట్నం మొగ, తేలినీలాపురం గూడబాతులు: రెండు రోజుల తిరుగుడు

జనవరి చివర్లో రెండు రోజులు సెలవు దొరికితే నేనూ మా బావా విజయనగరం నుంచి బండి మీద శ్రీకాకుళం వెళ్లొచ్చాం. కళింగపట్నం వెళ్లినవాళ్లు చాలామంది లైట్‌హౌస్ దగ్గర ఫోటో దిగి, బీచ్‌లో కాళ్లు తడుపుకుని, బజ్జీలు తిని వచ్చేస్తారు. ఇన్నేళ్లూ మేమూ అంతే. అసలు చూడాల్సింది వంశధార సముద్రంలో కలిసే మొగ అని ఈసారే తెలిసింది.

బస సంగతి ముందే చెప్పేస్తాను. శ్రీకాకుళంలో లాడ్జి తీసుకున్నాం, రోజుకి 1,400. గదిలో గీజరు ఉంది, వేడి నీళ్లు మాత్రం రావు, అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు, అదీ గంట తర్వాత. పైగా తెల్లారి నాలుగున్నరకి బయల్దేరదామంటే గేటుకి తాళం, తాళంచెవి ఉన్న కుర్రాడు గాఢ నిద్ర. అయినా టౌన్‌లో ఉండటమే మేలు, టిఫిన్లకీ పెట్రోలుకీ ఇబ్బంది ఉండదు.

మొగ దగ్గరికి చేరేసరికి ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. వానాకాలంలో ఒడిశా కొండల నుంచి వరద తోసుకొచ్చినప్పుడు మొగ వెడల్పవుతుంది, నది నీరసించాక అలలు తెచ్చిన ఇసుక పేరుకుని సన్నబడిపోతుంది. మేం వెళ్లినప్పుడు అడ్డంగా పొడుగాటి ఇసుక మేట, దాని చివర సన్నని పాయ. మేట మీద గుంపుగా సముద్రపు కాకులు, అన్నీ గాలికి ఎదురుగా ముఖాలు పెట్టి నిలబడ్డాయి. బురద అంచున ఉల్లంకి పిట్టలు కుట్టుమిషన్ సూదిలా ముక్కులు ఆడిస్తూ పరుగులు.

ఎర్ర పీత ఒకటి మాకు రెండడుగుల దూరంలోనే బొరియలోంచి వచ్చింది. ముందు పుల్లల్లా నిలబడ్డ రెండు కళ్లు, తర్వాత ఒళ్లు. చంకలో ఇసుక ముద్ద పెట్టుకుని పక్కకి నడిచి, విసిరేసి, మళ్లీ లోపలికి. ఏడుసార్లు లెక్కపెట్టాను, ఎనిమిదోసారి బావ తుమ్మాడు, ఇక రాలేదు.

మేట మీదికి నడుద్దామని చెప్పులు విప్పుతుంటే వల దులుపుకుంటున్న పెద్దాయన కేకేశాడు: "ఇప్పుడు పాటు బాబూ. ఇంకో రెండు గంటలాగితే మీరు నించున్నకాడ నడుముల్లోతు నీరొచ్చీస్తాది, ఎల్లకండి." పాటు అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే సమయం. ఎక్కడా హెచ్చరిక బోర్డు కనపడలేదు, ఆయనే లేకపోతే మేం వెళ్లిపోయేవాళ్లమే.

తిరిగొస్తుంటే ఒడ్డున చచ్చిన తాబేలు ఒకటి, ఆలివ్ రిడ్లే. ఇవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలమే ఇది, ఒక్కో గుంటలో దాదాపు వంద గుడ్లు. సముద్రంలో ఉన్నా ఊపిరికి పైకి రావాల్సిందే, ట్రాలర్ వలలో చిక్కుకుంటే ఆ అవకాశం ఉండదు. ఇక ఇసుక మీద జీపులు తిప్పేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు, ఆ టైరు కింద గుడ్ల గుంట ఉండొచ్చు కదా.

శాలిహుండం దగ్గర్లోనే ఉంది, కొండ మీద బౌద్ధ స్తూపాలు. ఎండెక్కాక వెళ్లాం, తప్పు మాదే. కానీ పైనుంచి వంశధార ఒంపులు చూస్తే ఆ మెట్లు ఎక్కినందుకు బాధనిపించదు.

రెండో రోజు టెక్కలి దాటి తేలినీలాపురం. ఊరి చెట్ల మీదే గూడబాతులు (పెలికాన్లు), రంగు కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు). అందరూ సైబీరియా పక్షులంటారు గానీ ఈ రెండూ మన దేశంలో ఉండేవే, గూళ్ల కోసం ఇక్కడికి చేరతాయి. మేత నౌపడ ఉప్పు మళ్లు, చిత్తడి నేలల వైపు. పిల్ల గూడబాతు తల్లి గొంతు సంచిలో తల మొత్తం దూర్చేసి తింటుంటే మింగేసిందేమో అనిపించింది. కంపు మాత్రం చెప్పనక్కర్లేదు, నా టోపీ మీద కూడా పడింది. ఊరివాళ్లు ఈ పక్షులు వస్తే మంచిదని నమ్ముతారు, 2021 చివర్లో, 2022 మొదట్లో చేపల ద్వారా ఒంట్లో చేరిన పురుగుల వల్ల వందకి పైగా గూడబాతులు చచ్చిపోయినప్పుడు వాళ్ల ప్రాణం ఎంత విలవిల్లాడి ఉంటుందో. వాచ్ టవర్ ఉంది, బైనాక్యులర్ మీరే తెచ్చుకోండి. తినడానికి ఏమీ దొరకదనే అనుకుని టెక్కలిలోనే కానిచ్చేయండి.

వచ్చే ఏడు మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ వెళ్దామంటున్నాడు బావ. సరే అన్నాను, కాకపోతే ఈసారి గీజరు వేసి, నీళ్లు చేత్తో పట్టి చూశాకే రూం అద్దె ఇస్తాను.