క్రియాపట్టికల పుస్తకం: చుక్కకు నూటికి నూరు, గీతకు యాభై

ఇటాలియన్ క్రియాపట్టికల పుస్తకం ఒకటి కొన్నేళ్లుగా నా దగ్గరుంది. అట్ట ఊడిపోయినా కండిషనల్ ('అలా అయితే మాట్లాడేవాణ్ణి' లాంటి షరతు రూపాలు) పేజీలు ఇంకా తిరగేస్తూనే ఉన్నాను. ప్రతి రూపాన్నీ చిన్న గీతలతో విడగొట్టి, ఊనిక (పలికేటప్పుడు వేసే బరువు) పడే అచ్చు కింద చుక్క పెట్టారు.

చుక్కలు బంగారం. మామూలు ఇటాలియన్ ముద్రణలో ఊనిక చివరి అచ్చు మీద పడితేనే గుర్తు వేస్తారు. భవిష్యత్ కాలంలో 'పార్లెరొ'కు (మాట్లాడతాను) ఆ గుర్తు ఉంటుంది, కండిషనల్‌లో దేనికీ ఉండదు. పార్లెరెయ్, పార్లెరెస్తి, పార్లెరెబ్బె, పార్లెరెమ్మొ, పార్లెరెస్తె, పార్లెరెబ్బెరొ: ఆరింటిలోనూ బరువు 'రె' మీదే. తంటా అంతా చివరిదానితో. చాలా మాటల్లో ఊనిక చివరి నుంచి రెండో చోట ఉంటుంది కాబట్టి నోరు 'బె' వైపు జారుతుంది. 'ఆవేరే' (కలిగి ఉండు) క్రియ భూతకాల రూపాలైన ఎబ్బె, ఎబ్బెరొ వచ్చి ఇక్కడ అతుక్కున్నాయని తెలిస్తే ఇక జారదు. ఆ ముక్క ఈ పుస్తకంలో లేదు. వొర్రెయ్, పొత్రెయ్ లాంటి కుదించిన రూపాలదీ ఇదే దారి.

గీతల దగ్గరే నాకు పేచీ. అవి వరుస చివర మాట విరగ్గొట్టడానికి పనికొచ్చేవి, నోటికి కాదు. 'స' తర్వాత హల్లు వస్తే రెండూ తర్వాతి భాగంలోకే వెళ్లాలన్న స్కూలు నియమం ప్రకారం 'రె-స్తి' అని విడగొట్టారు. గీత దగ్గర ఆగి చదివితే 'రేస్తి' అని సాగుతుంది, కానీ అక్కడ అచ్చు పొట్టిదే. మనం కూడా రాసేటప్పుడు స్తి అని కలిపే రాస్తాం, అయినా ఛందస్సులో ముందున్న 'రె' గురువే కదా! చెవి విషయంలో ఛందస్సుదే కరెక్ట్.

ఒక్క చోట మాత్రం గీతే గెలిచింది. భవిష్యత్తులో 'పార్లెరేమొ', కండిషనల్‌లో 'పార్లెరెమ్మొ'. రెండింటికీ చుక్క ఒకే చోట, తేడా చూపేది రె-మొ, రెమ్-మొ అన్న విరుపే. ద్విత్వం మనకు అలవాటే కాబట్టి తెలుగువాళ్లకు ఇందులో టెన్షన్ లేదు.

పెద్ద లోటు ఇంకోటుంది: 'ఎ'ను నోరు విప్పి పలకాలో, ముడిచి పలకాలో చుక్క చెప్పదు. ప్రామాణిక ఉచ్చారణలో రెయ్, రెబ్బె, రెబ్బెరొలలో విప్పాలి, రెస్తి, రెమ్మొ, రెస్తెలలో ముడవాలి. ప్రాంతాన్నిబట్టి ఇది మారుతుంది కాబట్టి మాట్లాడటానికి పెద్ద ఇబ్బందేం లేదు. పాట నేర్చుకునేవాళ్లు మాత్రం ఈ తేడాను గుర్తులతో చూపే డిక్షనరీ ఒకటి తీసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ పుస్తకం చాలు, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా మంచిది.