పంచాయతీ లెక్కలు ఊరికి తెలియాలంటే ఏది మేలు?

పంచాయతీ పెట్టిన ఖర్చు ఊరికి తెలియడానికి చట్టంలో ప్రధానంగా మూడు దారులున్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం ఒకటి, అదే చట్టంలోని 4(1)(బి) కింద కార్యాలయం తనంతట తాను వివరాలు ప్రకటించడం రెండోది, ఊరివాళ్లే రికార్డులను పనులతో పోల్చి చూసే సామాజిక తనిఖీ మూడోది.

దరఖాస్తుకు బలం గడువే. 30 రోజుల్లో సమాధానం రాకపోతే అప్పీలు చేసుకోవచ్చు. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు. అయితే ఏ కాగితం అడగాలో తెలిసినవారికే ఇది అక్కరకొస్తుంది. ‘రోడ్డు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే రెండు వాక్యాల జవాబుతో సరిపెడతారు, ‘అంచనా పత్రం, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లుల నకళ్లు’ అని రాస్తే తప్పించుకోవడం కష్టమవుతుంది. పైగా చిన్న ఊళ్లో అడిగిందెవరో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది.

స్వచ్ఛంద ప్రకటనలో ఆ భయం లేదు. చట్టం వచ్చిన 120 రోజుల్లోపే 17 అంశాలను ప్రకటించి, ఆపై ఏటా సవరించాలన్నది నియమం. కానీ దరఖాస్తును పట్టించుకోకపోతే ఉన్న జరిమానా దీన్ని పట్టించుకోకపోతే లేదు కనుక, బదిలీ అయిన అధికారి పేరే కార్యాలయం గోడమీది ప్రకటనలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

సామాజిక తనిఖీకి మూలం 1994లో రాజస్థాన్‌లో బహిరంగ విచారణల రూపంలో మొదలైన జన్ సున్‌వాయీలు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ దాన్ని గ్రామసభకు అప్పగించింది. కూలీల హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్‌ను పైకి చదువుతూ, ‘నీ పేరున 12 రోజుల కూలి రాశారు, ముట్టిందా?’ అని అడిగినప్పుడు, ఆ రోజుల్లో తాను వలసలో ఉన్నానని ఆ మనిషే అందరి ఎదుట చెబుతాడు. చదువు రానివారు కూడా అధికారిని జవాబు అడగగలిగేది ఇక్కడే కాబట్టి నా మొగ్గు దీనివైపే. కాకపోతే ఇంటిపన్ను వసూళ్లు, వేలం పాటల వంటివి ఉపాధి పనుల తనిఖీ పరిధిలోకి రావు. వాటికి దరఖాస్తే గతి. అక్టోబరు 2న గ్రామసభ ఉంటే ఆగస్టు మధ్యలోనే దరఖాస్తు పెట్టడం మంచిది. సమాధానం కాస్త ఆలస్యమైనా నకళ్లు చేతపట్టుకునే సభకు వెళ్లవచ్చు.