బొద్దింకలకి బోరిక్ పౌడర్: మారతహళ్ళి ఫ్లాట్‌లో వాడాక రాస్తున్న రివ్యూ

మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ అని అడిగితే ఇచ్చే తెల్ల పొడి, క్యారమ్ బోర్డు మీద చల్లుకునేది కూడా చాలాచోట్ల ఇదే, మాకు చిన్న డబ్బా వంద రూపాయల లోపే వచ్చింది. బెంగళూరులో మా అద్దె ఫ్లాట్ వంటింట్లో బొద్దింకలకి నిజంగా పనిచేసింది ఇదొక్కటే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మా పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది, ఏది దొరికితే అది నోట్లోకే, అందుకని ఘాటు స్ప్రేలు వద్దనుకుని ముందు ఒక హెర్బల్ పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచాం. 1800 తీసుకున్నారు, లవంగ నూనె, నిమ్మగడ్డి వాసనొచ్చే మందు కొట్టారు, ఇల్లంతా గుబాళించింది గానీ బొద్దింకలు వంటింట్లోంచి హాల్లో టీవీ యూనిట్ వెనక్కి మకాం మార్చాయంతే, వాసన తగ్గగానే మళ్ళీ స్టవ్ కిందకి వచ్చేశాయి. ఇలాంటి నూనెలు నేరుగా మీద పడితే తప్ప చంపవు, కాసేపు తరుముతాయి. ఇందులో ఏముంది అని అడిగితే "అంతా ఆయుర్వేదమే మేడం" అన్నాడు గానీ లేబుల్ చూపించలేదు, నాకు కోపం వచ్చింది అక్కడే. హెర్బల్ అన్నా ఇంకేదన్నా సరే, పసిపిల్లలున్న ఇంట్లో కొట్టే మందు పేరు చెప్పని వాళ్ళని లోపలికి రానివ్వకండి.

అసలు వంటింట్లో తిరిగే ఆ చిన్న లేత గోధుమరంగు రకాన్ని జర్మన్ బొద్దింక అంటారు, తల వెనకాల రెండు నల్ల చారలుంటాయి. ఆడది గుడ్ల సంచిని దాదాపు పిల్లలు బయటికొచ్చేదాకా ఒంటికే పెట్టుకుని తిరుగుతుంది, ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. ఆ సంచి లోపలికి మామూలు స్ప్రే దిగదు, అందుకే పైకి కనిపించేవి చచ్చినా కొన్ని వారాలకి మళ్ళీ కొత్త మంద తయారు.

బోరిక్ పౌడర్ సంగతి వేరే. బొద్దింక దాని మీద నడిస్తే కాళ్ళకీ మీసాలకీ అంటుకుంటుంది, దానికి మీసాలు నోటితో శుభ్రం చేసుకునే అలవాటు, అలా పొడి పొట్టలోకి పోతుంది. వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. కానీ పొడి తడవనంత కాలం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి తర్వాత పుట్టిన పిల్లలు కూడా దాన్ని తొక్కక తప్పదు. కొత్త వింతేం కాదు ఇది, అమెరికాలో 1948లోనే పురుగుమందుగా రిజిస్టర్ అయింది.

నెల్లూరు నుంచి అత్తయ్య ఫోన్లో "గోధుమపిండిలో పంచదార, బోరిక్ పౌడర్ కలిపి ఉండలు చేసి మూలమూలకీ పెట్టమ్మా" అన్నారు. "పాప తీసి తినేస్తే ఎలా అత్తయ్యా" అన్నాను, "అయితే దానికి చెయ్యందని సందుల్లోనే చల్లుకో, డబ్బా మాత్రం ఉప్పు పక్కన పెట్టకు తల్లీ" అన్నారు. అదే చేశాం. డ్రాయర్లు పూర్తిగా బయటికి లాగితే పట్టాల వెనక, తలుపు హింజ్ బిగించిన గుంటల్లో మిరియాల పొడి రాలినట్టు నల్లటి చుక్కలు, అదంతా వాటి రెట్ట, అంటే కాపురం అక్కడే అన్నమాట. తుడిచేసి, ఖాళీ సాస్ బాటిల్‌లో పొడి పోసి, ఆ సందుల్లోకి ఉఫ్ మన్నట్టు నొక్కాలి. కనపడీ కనపడనంత పల్చగా పడాలి, కుప్పగా పోస్తే బొద్దింక పక్కనుంచి చుట్టూ తిరిగి పోతుంది. చల్లేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, గిన్నెలు పెట్టే అరల్లో అస్సలు వద్దు, కడుపుతో ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి. కెమికల్ కాదని ఎవరన్నా అంటే నమ్మకండి, ఇదీ కెమికలే, ఒకసారి చల్లాక స్ప్రేలా గాల్లో కలవకుండా పెట్టినచోటే ఉంటుంది కాబట్టి నాకు నచ్చింది.

పొడి ఒక్కటే చాలదు. ఫ్రిజ్ వెనక కింద నీళ్ళు పట్టే ట్రే ఉంటుంది కదా, వెచ్చగా మోటారు, పక్కనే నీళ్ళు, వాటికి అంతకంటే ఏం కావాలి, అది ఖాళీ చేసి తుడవాలి. సింక్ పైపు గోడలోకి పోయేచోట సందుని ఎమ్‌సీల్‌తో మూసేశాం, పైపుల షాఫ్ట్‌లోంచి పక్క ఫ్లాట్ల బొద్దింకలు వచ్చేది అక్కడినుంచే. సింక్ కింద తడికి పొడి గడ్డకట్టి పనికిరాకుండా పోయింది, అక్కడ జిగురు అట్ట పెట్టాం. బాత్రూం డ్రైనేజీలోంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింకలకి పొడికంటే సన్నటి జాలీ మేలు.

ఐదుకి నాలుగు ఇస్తా, తడిలో పనిచేయదని ఒకటి తగ్గించా. చీమలకి కూడా పనికొస్తుంది కానీ పొడిగా కాదు, 100 మిల్లీలీటర్ల నీళ్ళలో రెండు చెంచాల పంచదార, 1 గ్రాము పౌడర్ కరిగించి దూదిలో పీల్చి పాపకి అందని చోట పెట్టాలి, ఘాటు ఎక్కువైతే చీమలు దారిలోనే చస్తాయి, పుట్టలో రాణిదాకా మోసుకుపోవు. నల్లులకి మాత్రం దీన్ని కొనకండి, అవి రక్తం తప్ప ఏదీ నోట పెట్టవు కాబట్టి దండగ.