రేవు దగ్గర ఆసుపత్రిలో లిట్‌మాన్ క్లాసిక్ 3: రెండేళ్ల వాడకం తరువాత

సఖినేటిపల్లి రేవుకు దగ్గరలో చిన్న ఆసుపత్రి నడుపుతున్న వైద్యురాలిని. నా దగ్గర ఎకో యంత్రం, అంటే గుండెను స్కాన్ చేసి చూపే యంత్రం, లేదు. గుండెకు ఆ పరీక్ష చేయించుకోవాలంటే రోగి ఆ రోజు కూలి వదులుకుని, పంటు ఎక్కి, గోదావరి దాటి నరసాపురం వైపు వెళ్లాలి. ఎవరిని రేవు దాటించాలో, ఎవరికి ఇక్కడి మందు సరిపోతుందో చాలాసార్లు స్టెతస్కోపు చెప్పినదాన్ని బట్టే నిర్ణయిస్తాను. అందుకే ధర ఎక్కువైనా రెండేళ్ల క్రితం లిట్‌మాన్ క్లాసిక్ 3 అనే ఈ స్టెతస్కోపు కొన్నాను.

ఛాతీ మీద ఆనించే బిళ్లకు రెండు వైపులా డయాఫ్రమ్‌లు, అంటే శబ్దాన్ని పట్టే పలుచని పొరలు, ఉన్నాయి. తేలికగా ఆనిస్తే మంద్రస్థాయి శబ్దాలు, గట్టిగా అదిమితే హెచ్చుస్థాయి శబ్దాలు వినిపిస్తాయి కనుక, బిళ్ల తిప్పకుండానే ఒకే చోట రెండూ వినవచ్చు. చిన్న వైపు పసిపిల్లలకే కాక, పక్కటెముకలు బయటపడిన ముసలివారి ఛాతీ మీద కూడా సందు లేకుండా కూర్చుంటుంది. పెద్ద వైపు అలాంటివారికి సరిగా ఆనదు.

దీని విలువ నాకు తెలిసింది పీచు మిల్లులో పనిచేసే ఒక గర్భిణి వచ్చినప్పుడు. ఆమె ఆయాసాన్ని అంతకుముందు అందరూ రక్తహీనత అనుకున్నారు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గుండె కొస దగ్గర బిళ్లను తగిలీ తగలనట్టు ఆనిస్తే, దూరాన ఏటిలో లాంచీ ఇంజను నడుస్తున్నట్టు సన్నని గుడగుడ వినిపించింది. చిన్ననాటి కీళ్లవాత జ్వరం వల్ల గుండె ఎడమ గదుల మధ్య ఉండే మిట్రల్ కవాటం ఇరుకైనప్పుడు వచ్చే శబ్దం అది; గర్భంతో రక్తం పెరిగి, గుండె వేగం హెచ్చినప్పుడు అంతవరకు దాగిన జబ్బు ఆయాసంగా బయటపడుతుంది. ఎకోలో అదే తేలింది. నా పాత చవక స్టెతస్కోపుతో ఆ గుడగుడను పట్టగలిగేదాన్ని కాదని నమ్ముతున్నాను.

ఊపిరితిత్తుల విషయంలోనూ సంతృప్తిగా ఉంది. పిల్లికూతలు ఏ పరికరంతోనైనా వినిపిస్తాయి గాని, నెమ్ము మొదలైన చోట, చెవి పక్కన వెంట్రుకలు నలిపినట్టుండే సన్నని చిటపటలను ఇది స్పష్టంగా అందిస్తుంది.

అయితే బయటి శబ్దాన్ని ఇది పూర్తిగా ఆపలేదు. మే నెల ఉక్కలో కూడా సీలింగ్ ఫ్యాను కట్టేసి, తలుపు మూసి వినవలసి వస్తోంది. బట్టల మీద నుంచి వింటే ఆ రాపిడే జబ్బు శబ్దంలా భ్రమ కలిగిస్తుంది. ఆడవారు మొహమాటపడితే తెర వేసి, తోడు వచ్చినవారిని లోపలే ఉంచి, బిళ్లను వారి చేతికే ఇచ్చి రవికె కిందికి జరపమంటాను. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి వెనుకాడి, కాగితం చుట్టి గొట్టం చేయడంతోనే ఈ పరికరం పుట్టింది. ఆ మొహమాటం మా పల్లెల్లో ఇప్పటికీ గౌరవించదగినదే.

చెమటకు, చర్మపు జిడ్డుకు గొట్టాలు బిరుసెక్కుతాయి కనుక మెడకు నేరుగా తగలనివ్వకుండా చొక్కా కాలరు మీదుగా వేసుకుంటున్నాను; రోగికీ రోగికీ మధ్య స్పిరిట్ దూదితో బిళ్లను తుడుస్తున్నాను. నా గొట్టం ఇంకా మెత్తగానే ఉంది.

బీపీ చూడటానికి మాత్రమే అయితే ఇంత ఖర్చు అనవసరం. గుండె, ఊపిరితిత్తులు వినేవారు కొనేటప్పుడు చెవుల్లో పెట్టుకునే ఇయర్ టిప్స్ సైజు చూసుకోవాలి. వాటి మొనలు ముక్కు వైపు తిరిగేలా పెట్టుకోవాలి. తిరగేసి పెట్టుకుంటే మంచి స్టెతస్కోపు కూడా మూగదిగానే అనిపిస్తుంది.